దక్కన్‌లో ముక్కు శస్త్రచికిత్స: సహజత్వం అనే పాత గీటురాయి

శస్త్రచికిత్సతో సరిదిద్దిన ముఖాన్ని చూసినవారికి అది సరిదిద్దినదని తెలియకపోవడమే ఆ పని నాణ్యతకు గీటురాయి అన్న భావన నేడు ఎక్కువగా దక్షిణ కొరియా పేరుతో ప్రచారంలో ఉంది. సియోల్ నగరంలోని గంగ్నమ్ ప్రాంతపు వైద్యశాలలు ‘సహజంగా కనిపించే’ ముఖాన్ని తమ ప్రత్యేకతగా చెప్పుకోవడం దీనికి కారణం. అయితే దక్కన్ పీఠభూమికి ఈ గీటురాయి కొత్తది కాదు. ఇక్కడి చేతిపనివారు 18వ శతాబ్దం చివరినాటికే దానికి నిలిచే పని చేసి చూపగా, ఐరోపా వైద్యులు ఆ విద్యను ఇక్కడినుంచే అందుకున్నారు.

ముఖం చెడకుండా ఉండాలన్న కోరిక ఈ నేలపై ఎంత బలమైనదో గ్రామదేవతల ఆరాధన చెబుతుంది. సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో, మంజీరా తీరాన ఉన్న బోరంచ గ్రామం నల్లపోచమ్మ గుడికి పేరుపొందింది. తెలంగాణ పల్లెల్లో పోచమ్మ మశూచి నుండి బిడ్డలను కాపాడే తల్లి; ఆ జబ్బు సోకినప్పుడు రోగం వచ్చిందనకుండా ‘అమ్మవారు పోసింది’ అని భయభక్తులతో చెప్పుకొని, వేపమండలు కట్టి, బోనం మొక్కుకునేవారు. బతికి బయటపడినవారిలో కొందరికి చూపు పోయేది, చాలామందికి ముఖం నిండా గుంటల మచ్చలు జీవితాంతం మిగిలేవి. ఆ మొక్కులో ప్రాణంతో పాటు ముఖం కూడా ఉందని గుర్తిస్తే, ముఖాన్ని నిలుపుకోవాలన్న ఆరాటాన్ని కేవలం విలాసంగా చూడటం తప్పని అర్థమవుతుంది.

ముఖంలోనూ ముక్కుకు ప్రత్యేక స్థానం ఉంది. అపరిచితుణ్ణి ‘ముక్కూ మొహం తెలియనివాడు’ అనడంలో ముక్కే మనిషికి గుర్తింపన్న భావం ఉంది. కనుకనే ముక్కు కోయడం శరీరానికి వేసే శిక్షగానే కాక, మనిషిని సంఘం నుండి వెలివేసే శిక్షగా కూడా పనిచేసింది. సుశ్రుత సంహిత సూత్రస్థానం 16వ అధ్యాయంలో తెగిన ముక్కును తిరిగి నిర్మించే పద్ధతి ఉంది: ముక్కు కొలతకు ఆకును కత్తిరించి, ఆ కొలత ప్రకారం చెంప చర్మాన్ని ఒక వైపు అంటి ఉండగానే లేపి ముక్కుపై అతికి, ఊపిరి ఆడేందుకు లోపల రెండు గొట్టాలు అమర్చాలి. అతికిన ముక్కు చిన్నదైతే పెంచాలని, మాంసం ఎక్కువైతే సమం చేయాలని కూడా ఆ గ్రంథం చెప్పడాన్ని బట్టి, ఆ వైద్యుని దృష్టి గాయం మానడంతో ఆగక రూపం కుదరడం వరకు సాగిందని తెలుస్తుంది.

ఈ విద్య లోకానికి తెలిసిన సందర్భం మూడవ మైసూరు యుద్ధం. ఈస్టిండియా కంపెనీ, నిజాం, మరాఠాలు ఒక పక్షంగా టిప్పు సుల్తాన్‌తో పోరాడిన ఆ యుద్ధంలో, ఇంగ్లీషు సైన్యానికి ఎద్దులు తోలే కావస్జీ 1792లో పట్టుబడి ముక్కును, ఒక చేతిని పోగొట్టుకున్నాడు. సుమారు ఒక సంవత్సరం తరువాత, పుణే దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక వ్యక్తి అతనికి కొత్త ముక్కు అమర్చాడు. లండన్‌లోని జెంటిల్మన్స్ మ్యాగజైన్ 1794 అక్టోబరు సంచికలో ఆ విధానం వివరంగా అచ్చయింది.

మొదట మైనంతో ముక్కు ఆకారం చేసి, దానిని నుదుటిపై చదునుగా పరచి, చుట్టూ గీత గీసేవారు. ఆ గీత వెంట చర్మాన్ని కోసి లేపుతూ, రెండు కళ్ల మధ్య ఒక సన్నని పట్టీని మాత్రం తెంచకుండా ఉంచేవారు. రక్తం ఆ పట్టీ ద్వారా అందడం వల్లనే చర్మం కొత్తచోట బతికేది. చర్మాన్ని కిందికి తిప్పి, తాంబూలంలో వాడే కాచును నీటితో మెత్తగా చేసి, గుడ్డపీలికలకు పూసి అతికేవారు. రోగి కొన్ని రోజులు వెల్లకిల పడుకోవాలి. పదో రోజున ముక్కురంధ్రాలు పూడకుండా మెత్తని గుడ్డముక్కలు పెట్టేవారు. సుమారు ఇరవై అయిదో రోజున పట్టీని తెంచేవారు. ఈ ముక్కు సహజమైనదానికి దాదాపు దీటుగా ఉందని, నుదుటి మచ్చ కూడా కాలక్రమంలో అంతగా కనిపించదని ఆ కథనం పేర్కొన్నది. సహజత్వాన్ని ఫలితానికి కొలమానంగా పెట్టి ఈ విద్యకు ముద్రణలో వచ్చిన తీర్పు ఇది.

దీనిని చదివిన వైద్యుడు జోసెఫ్ కార్ప్యూ లండన్‌లో 1814లో ఈ పద్ధతిని అనుసరించి, 1816లో తన అనుభవాన్ని పుస్తకంగా ప్రకటించాడు. నుదుటి చర్మంతో ముక్కును నిర్మించడం నేటికీ ప్రపంచమంతటా ‘భారతీయ పద్ధతి’గా వాడుకలో ఉంది. ముక్కును వెలుగునీడలు మారే చిన్న భాగాలుగా విభజించి, కుట్ల మచ్చలు ఆ భాగాల సరిహద్దుల్లో పడేలా చూడాలని 1985లో బర్జెట్, మెనిక్ అనే వైద్యులు ప్రతిపాదించడం ఈ మార్గంలోనే మరో ముందడుగు.

కొరియా చరిత్ర వేరుగా మొదలైంది. కొరియా యుద్ధం ముగిశాక 1954లో అక్కడ పనిచేసిన అమెరికన్ సైనిక వైద్యుడు రాల్ఫ్ మిల్లార్డ్, మడత లేని పైరెప్పకు మడత కల్పించే శస్త్రచికిత్స చేసి, కన్ను పాశ్చాత్యుల కన్నులా కనిపించాలన్న ఆదర్శానికి ఊతమిచ్చాడు. ఇప్పుడు అక్కడ బలపడిన ధోరణి దీనికి భిన్నమైనది: కోత లేకుండా దారంతో చిన్న మడత తేవడం, సిలికాన్‌కు బదులు రోగి చెవి, పక్కటెముక లేదా ముక్కు నడిమి గోడ నుండి తీసిన మృదులాస్థిని వాడటం, ముఖకవళికలు అతనివే అనిపించేలా కొద్దిపాటి మార్పుతో ఆగడం.

ఈ మలుపు దక్కన్ చేతిపనివారు పట్టుకున్న సూత్రానికే చేరింది. ఎవరి ముఖాన్నో అరువు తేవడం కాక, మనిషికి తన ముఖాన్ని తిరిగి ఇవ్వడం వారి లక్ష్యం. మన దేశంలో మశూచి 1975లో అంతరించింది, ముక్కు కోసే శిక్ష ఏనాడో పోయింది. కోటేరు ముక్కు కావాలని నగరపు వైద్యశాల మెట్లెక్కే యువతరం మాత్రం పెరిగింది. శస్త్రచికిత్స తరువాత అద్దంలో కనిపించే ముఖాన్ని తన తల్లి గుర్తుపట్టగలదా అన్న ప్రశ్నను ఆ యువతరం ముందుగా వేసుకోవాలి.