రెయిన్‌డీర్ల దారిలో ఒక లోయ

వేటకు మంచి చోటు ఏది? జింకలు ఎక్కువగా మేసే బయలే అని ఎవరికైనా తోస్తుంది. ఐతే విశాలమైన బయలులో వేయి జింకలున్నా, బాణం అందేటంత దగ్గరకు మనిషి చేరలేడు. గాలి వాటున వాసన సోకితే చాలు, మంద లేచిపోతుంది. మంద ఒత్తుకొని నడవక తప్పని ఇరుకు దారిని వెదకి పట్టుకొన్నవాడే గట్టి వేటగాడు. మంచుయుగం చివరినాటి మనుష్యులు ఈ సంగతి ఎరుగుదురు. జర్మనీలో హాంబర్గుకు ఈశాన్యాన ఉన్న స్టెల్‌మోర్ అందుకు సాక్ష్యం.

అక్కడ ఆరెన్స్‌బర్గ్ పట్టణం చెంత ఒక సన్నని లోయ ఉన్నది. పూర్వం హిమానీనదం అడుగున పారిన నీరు నేలను కోయగా ఏర్పడినది. ఇరువైపులా గట్లు, మంచుయుగం చివర అడుగున మడుగులు ఉండేవి. రెయిన్‌డీర్లు శీతల దేశపు జింకలు. ఋతువు మారినప్పుడు మందలుగా వలసపోతాయి. లోయలో దిగిన మంద గట్లకూ నీటికీ నడుమ చిక్కుకొనేది. రెయిన్‌డీరు చక్కగా ఈదగలదు గాని, ఈదుతూ వేటగాణ్ణి తప్పించుకోవడం కష్టం.

1934-36 మధ్య ఆల్‌ఫ్రెడ్ రూస్ట్ ఇక్కడ తవ్వకాలు జరిపాడు. వృత్తిరీత్యా ఆయన విద్యుత్తు పనివాడు. పురావస్తు విద్య సొంతంగా నేర్చుకొన్నాడు. అంతకుముందు 1930లో పరిశోధన కోసం సిరియాకు సైకిలుమీద ప్రయాణం చేసినవాడు! పాత మడుగు బురదలో వేలకొలది రెయిన్‌డీరు ఎముకలు, కొమ్ములు బయటపడ్డాయి. గాలి చొరని బురద గనుక కొయ్య కూడ చివకలేదు. పైను కర్రతో చేసిన బాణాలు సుమారు 100 దొరికాయి. వీటి వయస్సు సుమారు 12,000 ఏళ్లు. కొన్నిటికి పొడుగాటి కాడ వేరు, కొసకు అతికే చిన్న ముక్క వేరు. కొస విరిగినా కాడ మిగులుతుంది. చెట్లు అరుదైన చలిభూమిలో అది చిన్న లాభం కాదు. దురదృష్టవశాత్తు అసలు బాణాలు రెండవ ప్రపంచయుద్ధంలో నాశనమయ్యాయి.

ఎముకలు మాత్రం ఇంకా మాట్లాడుతూనే ఉన్నాయి. కొన్నిటిలో చెకుముకి ములుకులు విరిగి నిలిచిపోయాయి. ఆ గాయాలను పరిశీలిస్తే బాణం ఏ వైపునుండి వచ్చిందో తెలుస్తుంది. వెనుకనుండి తగిలినవీ ఉన్నాయి. వేటకాలం కూడ తెలిసింది. పెద్ద పోతులు జతకట్టే కాలం ముగియగానే, చలికాలపు తొలిరోజులలో కొమ్ములు రాల్చుతాయి. కనుక పుర్రెకు అంటి ఉన్న పెద్ద పోతుకొమ్ము చలికాలం నడుమ జరిగిన వేటను చూపదు. కొమ్ములను, పిల్లల పళ్లను కలిపి చూసి, ఆ 12,000 ఏళ్లనాటి వేట ముఖ్యంగా శరత్కాలంలో జరిగిందని నిర్ణయించారు. అవి బాగా మేసి కొవ్వుపట్టే రోజులు.

మరొక విశేషం. అదే చోట ఇంకా లోతున, అంతకు 2,000 ఏళ్లకు పైగా పాతదైన మరొక వేటగాళ్ల పొర కనబడింది. ఆ రెంటి నడుమ వాతావరణం వేడెక్కి అడవులు పెరిగాయి. చలి తిరిగి రాగా రెయిన్‌డీర్లూ వచ్చాయి. పాతవారి ఆనవాలు తెలియని కొత్తవారు అదే మడుగు ఒడ్డును ఎన్నుకొన్నారు. లోయ ఆకారమే వారికి దారి చూపి ఉండాలి. సుమారు 11,700 ఏళ్ల క్రితం మళ్లీ వేడెక్కి అడవి కమ్ముకొన్నది. రెయిన్‌డీర్లు ఉత్తరానికి తరలిపోయాయి. ఆ తరువాత అడవిలో చెదురుగా తిరిగే జింకలను పట్టడానికి ఈ ఇరుకు లోయ అంతగా పనికిరాలేదు.