దబ్బనం పట్టిన చేతుల చరిత్ర

పాత గుడ్డలు, దారాలు, పూసలు, రంగులు కలిపి గుడ్డ మీద చేసే కళకు ఇప్పుడు పట్నాల్లో గిరాకీ ఉంది. మనసు కుదుటపడటానికి మంచి సాధనమని తరగతులు కూడా నడుపుతున్నారు. మాకు దాని మీద కోపమేమీ లేదు. చేతిపనిలో ఊరట ఉందని ఒప్పుకోవడం మంచిదే. మా ప్రశ్న వేరు. అవే పాత గుడ్డల్ని తరతరాలుగా కుట్టిన మాలపల్లె, మాదిగపల్లె ఆడవాళ్ళ పనిని కళ అని ఎందుకు అనలేదు?

కడప జిల్లా వేముల గురించి రికార్డుల్లో ఏముందని చూస్తే ముందు కనబడేవి గనులు. ముగ్గురాయి గనుల లెక్కలుంటాయి. ఈ మండలంలోనే ఉన్న తుమ్మలపల్లె యురేనియం గురించి ఫైళ్ళుంటాయి. దానికి 2007లో శంకుస్థాపన జరిగింది. భూమి కింది రాయికి చరిత్ర ఉంది. భూమి మీద ఆడది కుట్టిన బొంతకు లేదు.

బొంత అంటే ఏందో తెలియని పల్లె ఈ సీమలో ఉండదు. చినిగిన చీరలు, పంచెలు, లుంగీలు, రవికె ముక్కలు ఉతికి ఆరేస్తారు. బాగా చివికిన పేలికలు నడుమ పరిచి, కాస్త గట్టిగా ఉన్న చీరలు పైనా కిందా వేస్తారు. చిల్లిపడిన చోట ఇంకో రంగు ముక్క అతుకుతారు. దబ్బనానికి లావు దారమెక్కించి వరసలు వరసలుగా దూరపు కుట్టు వేస్తారు. ఆ కుట్టు లేకపోతే లోపలి పేలికలన్నీ ఒకచోటికి జారి ముద్దకడతాయి. ఏ ముక్క పక్కన ఏ ముక్క పడాలో, ఏ అంచు పైకి కనబడాలో కుట్టే మనిషే తేల్చుకుంటుంది. ఇది రూపకల్పన కాకపోతే మరేది?

గుడ్డకూ కులానికీ ఉన్న సంబంధం పాతది. చండాలురు శవాల మీది బట్టలే కట్టుకోవాలని మనుస్మృతి పదో అధ్యాయం శాసించింది. మాలలు ముతక నూలు బట్ట నేసేవారని బ్రిటిషు కాలపు రాతలు చెబుతాయి. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి అప్పగించాడు. మగ్గాల మీద మొహతర్ఫా పన్ను ఉండేది. ఆ తర్వాత మిల్లుబట్ట వచ్చిపడింది. 1876-78 కరువు సీమను పీల్చి పిప్పిచేసింది. బట్ట నేసిన చేతులు కూలికి పోయాయి. రైతు ఇంటి నుంచి పండక్కి వచ్చే పాతచీర జీతంలో భాగమైపోయింది. ఒకరు కట్టి విడిచిన గుడ్డను ఇంకొకరు తలవంచుకుని తీసుకోవాల్సిన వ్యవస్థ అది. ఆ గుడ్డనే కోసి, అతికి, తనదిగా మార్చుకోవడం బొంత చేసిన పని.

1927 డిసెంబరులో మహద్‌లో అంబేడ్కర్ ఆడవాళ్ళతో ప్రత్యేకంగా మాట్లాడారు. అంటరానితనాన్ని చాటే కట్టుబాటు తీరు మార్చుకోమన్నారు. అతుకుల బట్టైనా ఫరవాలేదు, శుభ్రంగా ఉండాలన్నారు. అతుకు సిగ్గుపడాల్సిన విషయం కాదని ఆ మాటకు అర్థం. సిగ్గుపడాల్సింది అతుకు తప్ప గతిలేకుండా చేసినవాళ్ళు.

ఈ కథ మనదొక్కటే కాదు. సుగాలీ ఆడవాళ్ళు అద్దాలు, గవ్వలు, నాణేలు గుడ్డకు కుట్టారు. ఉత్తర కన్నడలో సిద్దీ ఆడవాళ్ళు పాతగుడ్డలతో కవంది కుట్టారు. అమెరికాలో అలబామా రాష్ట్రం జీస్ బెండ్‌లో, బానిసలుగా బతికినవాళ్ళ వారసురాళ్ళు చినిగిన పనిబట్టలతో బొంతలు కుట్టుకున్నారు. నల్లవాళ్ళు ఓటు నమోదుకు ఏరు దాటకుండా 1962లో అక్కడి పడవను ఆపేశారు. ఆ పోరాటాల మధ్యే 1966లో ఆ ప్రాంతపు ఆడవాళ్ళు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. 2002లో వాళ్ళ బొంతలు న్యూయార్క్ విట్నీ మ్యూజియం గోడలకెక్కాయి. పడవ మాత్రం 2006 దాకా తిరిగి నడవలేదు. గోడకెక్కిన కళ వేరు, దక్కిన న్యాయం వేరు.

మరి ఊరట సంగతి? కూలి దొరకని ఎండాకాలపు మధ్యాహ్నం, వేపచెట్టు కింద నలుగురు ఆడవాళ్ళు నాలుగు వైపులా కూచుంటే ఆ పొద్దు ఏ రైతుకూ బాకీ లేదు. అక్కడ మాటలుంటాయి, ఏడుపులుంటాయి, నవ్వులుంటాయి. పుట్టబోయే బిడ్డకు జేజి చీర మెత్తగా పనికొస్తుంది. అయితే దీన్ని అందంగా చెప్పుకుని మురిసిపోతే మోసపోతాం. చలికి కప్పుకోను లేక కుట్టిన గుడ్డ అది. లేమీ నిజమే, ఊరటా నిజమే. రెంటిలో ఒకదాన్ని దాచిపెట్టి రాసేది చరిత్ర కాదు.

మిల్లు దుప్పట్లు చవగ్గా దొరుకుతున్నాయి. పాలిస్టరు చీర నూలుచీరలా చెమట పీల్చదు. బొంత కుట్టేవాళ్ళు తగ్గుతున్నారు. కాబట్టి విద్యార్థులకూ టీచర్లకూ మా విన్నపం ఇది. ఇంట్లో అటక మీది బొంతను కిందికి దించండి. ఏ ముక్క ఎవరి చీరదో, ఏ ఏడు కుట్టారో, ఎవరు కుట్టారో అడిగి రాసుకోండి. గనుల లెక్కలు రాయడానికి సర్కారుంది. దబ్బనం పట్టిన చేతుల పేర్లు రాయడానికి మనమే ఉన్నాం.