పాత కారు, తెలిసిన దారి



ఆవని జాతరలో ఎద్దులు కొనే రైతును మీరు చూసే ఉంటారు. పళ్ళు చూస్తాడు, నడిపిస్తాడు, కాడి కట్టి చూస్తాడు. ఒక జత నచ్చినా, పక్క జతను చూడనిదే బయానా ఇవ్వడు. మన కోలారు జిల్లాలో పాత కార్లు కొన్నవారిదీ ఇదే పద్ధతి.

1880లో జాన్ టేలర్ కంపెనీ బంగారు గనుల్లో అడుగుపెట్టింది. దొరల కాలంలో కారు దొరలకే. స్వాతంత్ర్యం తరువాత 1957లో అంబాసిడర్, 1961లో మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ వచ్చాయి. ఫియట్‌కు 1974లో పద్మిని అనే పేరు వచ్చింది. కొత్త బండికి డబ్బు కట్టి ఏళ్ళ తరబడి కాచుకోవాలి. అందుకే పాత బండికి అంత గిరాకీ.

కాగితం మీద దగ్గరగా ఉన్నా, ఈ బండ్లు చేతికి వేరువేరుగా తెలిసేవి. 1489 సి.సి. అంబాసిడర్ బరువైనది, గుంతలను మింగేది. 1089 సి.సి. ఫియట్ తేలిక. రెండింటికీ గేరు రాడ్డు స్టీరింగు పక్కనే. హెరాల్డ్‌కు గేరు కింద ఉండేది, ఇరుకు సందులోనూ ఇట్టే తిరిగేది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800ను ముందు చక్రాలే లాగేవి. ఒకదానికి అలవాటుపడిన చెయ్యి మరొకదాన్ని తప్పుగా అంచనా వేయవచ్చు. అందువల్ల ఒకే రకం బండ్లను పక్కపక్కన పోల్చడమే మేలు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. గనిలో పనిచేసిన మా మేనమామకు కొంత సొమ్ము చేతికొచ్చింది. టాక్సీ కొందామనుకున్నాడు. బంగారుపేటలో రెండు అంబాసిడర్లు చూశాడు. ఒకే సంవత్సరానివి, ధర కూడా ఇంచుమించు ఒకటే. ఒకదానికి కొత్త రంగు తళతళ. రెండోదాని సీట్లు చిరిగిపోయాయి. మామ మనసు మొదటిదాని మీదే.

వెంట వచ్చిన మెకానిక్కు ముందుగా బానెట్ మీద చెయ్యి పెట్టాడు. ఇంజను ముందే వేడెక్కి ఉంటే, చల్లగా ఉన్నప్పుడు దాని మొరాయింపు మనకు తెలియదట. తరువాత రెండు బండ్లనూ ఒకే దారిలో, అంతే మందితో నడిపించాడు. సమతలం మీద రెండూ ఒకటే. ఎక్కుడు వచ్చేసరికి రంగు బండి ఇంజను అరిచింది గానీ వేగం పెరగలేదు. క్లచ్చి జారుతోంది. బ్రేకు వేస్తే ఎడమకు లాగింది. తప్పు తయారీది కాదు, వాడకానిది.

"తిరుపతి బాడుగకు పోతే మొగిలి ఘాట్ దిగాలి, మళ్ళీ ఎక్కాలి. రంగు ఎక్కిస్తుందా మామా?" అన్నాడు మెకానిక్కు.

ఆ సొమ్ము మళ్ళీ వచ్చేది కాదు. మామ చిరిగిన సీట్ల బండినే కొన్నాడు. ఏళ్ళ తరబడి ఆ బండే ఇల్లు నడిపింది, ఇద్దరు పిల్లలను చదివించింది. 2014లో అంబాసిడర్ తయారీయే ఆగిపోయింది.

బండ్లు మారాయి. కానీ కొనేముందు అదే దారి, అదే బరువు, చల్లని ఇంజను అనే మూడు మాటలు మాత్రం మారలేదు. కంటికి నచ్చినదాన్ని చేతితో, చెవితో కూడా అడిగి చూడండి.