రక్తంలో దొరకని లెక్క

మీ భుజం మీద బీసీజీ మచ్చ ఉందా? మన దేశంలో ఆ టీకా మొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి, 1948లో. మా నల్లమాడ నుంచి కదిరి మీదుగా వెళ్తే వచ్చే ఊరే. అక్కడి ఆరోగ్యవరం శానిటోరియం డాక్టరు ఫ్రిమోట్-మోలర్ 1950 నుంచి ఆ చుట్టుపక్కల జనంలో టీకా ఫలితాన్ని ఏళ్ళ తరబడి గమనించాడు.

అప్పట్లో టీకాకి ముందు ముంజేతి చర్మంలోకి కాస్త ట్యుబర్క్యులిన్ ఎక్కించేవారు. రెండు మూడు రోజులకి అక్కడ గట్టిగా ఉబ్బితే ఒంటికి క్షయక్రిమితో ముందే పరిచయం ఉన్నట్టు. సరే, వెంటనే కాకుండా రెండు రోజులెందుకు? 1945లో న్యూయార్క్‌లో మెరిల్ ఛేజ్ గినీ పందుల మీద తేల్చాడు: ఈ గుణం ఒక జంతువు నుంచి ఇంకోదానికి సీరంతో రాదు, బతికున్న కణాలతోనే వస్తుంది. వాటినే తర్వాత టి కణాలన్నారు. కణాలు పోగవ్వాలి కదా, టైం పడుతుంది మరి.

ఆ పోగయ్యేవాటిలో చాలా మటుకు రక్తంలోంచి వచ్చేవే. దాంతో చర్మం ఖాళీ మైదానమనీ, పిలిస్తేనే సైన్యం వస్తుందనీ అందరూ అనుకున్నారు. రోగనిరోధక శక్తి కొలవాలంటే రక్తం తియ్యడమే. రౌటర్ దగ్గర ప్యాకెట్లు లెక్కపెట్టి, ఆఫీసులో ఎన్ని మెషీన్లున్నాయో చెప్పేసినట్టుంది వ్యవహారం!

2006లో బోస్టన్‌లో రేచెల్ క్లార్క్, థామస్ కప్పర్ బృందం ఆపరేషన్లలో తీసి పారేసే ఆరోగ్యమైన చర్మాన్ని తెచ్చి చూసింది. చదరపు సెంటీమీటరుకి సుమారు 10 లక్షల టి కణాలు. పెద్దవాళ్ళ చర్మం దాదాపు 18 వేల చదరపు సెంటీమీటర్లు, గుణించుకోండి. మొత్తం 2000 కోట్లకి దగ్గర, రక్తంలో ఉన్నవాటికి ఇంచుమించు రెట్టింపు. వాపూ లేదు, జబ్బూ లేదు, ఊరికే కాపురం ఉంటున్నాయి.

ఇది ఉత్త అంకెల సరదా కాదు. 2004లోనే ఇంకో బృందం సోరియాసిస్ రోగుల ఒంటిమీద బాగానే కనిపిస్తున్న చర్మాన్ని తీసి ఎలుకలకి అతికిస్తే, మనిషి రక్తం అందకపోయినా అక్కడ సోరియాసిస్ లేచింది. జబ్బు చేసే కణాలు ఆ ముక్కలోనే ఉన్నాయన్నమాట. తగ్గిందనుకున్న మచ్చ మళ్ళీ అదే చోట ఎందుకొస్తుందో రక్తపరీక్షకి ఎలా తెలుస్తుంది?

2012లో కప్పర్ బృందమే ఎలుకల్లో ఇంకోటి చూపించింది. చర్మం మీద పడ్డ వైరస్‌ని తరమడంలో రక్తంలో తిరిగే కణాల కంటే చర్మంలో మకాం వేసినవే చాలా మెరుగు. మశూచి టీకాని చర్మం గీరి వేసేవారు, బీసీజీని ఇప్పటికీ చర్మంలోకే ఇస్తారు.