రోమన్ నీటిచక్రం ఎవరికోసం తిరిగింది?

రోమన్ నాగరికతను గురించి మన తరగతి గదుల్లో సాధారణంగా రెండు పాఠాలు వినిపిస్తూ వుంటాయి. చక్రవర్తుల ప్రతిభవల్ల రోడ్లు, వంతెనలు, జలవాహికలు వెలిశాయనీ, వారి సైనిక క్రమశిక్షణ ప్రపంచానికి ఒరవడి పెట్టిందనీ మొదటి పాఠం. దీనిని మనం ఎన్నడో తిరస్కరించాం. రెండవ పాఠం మనవాళ్లు చెప్పేది. బానిసలు చవకగా దొరికినందువల్ల రోమన్లకు యంత్రాల అవసరమే కలుగలేదనీ, కనుక వారి విజ్ఞానం గొడ్డుపోయిందనీ అంటాం. ఇందులో సత్యాంశం లేకపోలేదు. కాని సాక్ష్యాలతో సరిపోల్చి చూడకుండా సూత్రాన్ని వల్లించడం చారిత్రక భౌతికవాదం అనిపించుకోదు. యీ రెండవ పాఠాన్నే నేనిక్కడ పరీక్షకు పెట్టదలిచాను.

మొదట కట్టడాల సంగతి. క్రీ.శ. 97లో నెర్వా చక్రవర్తి ఫ్రాంటినస్ అనే మాజీ సేనానిని రోమ్ నగర జలవాహికలపై అధికారిగా నియమించాడు. ఆయన తన శాఖను గురించి వ్రాసిన గ్రంథం నేటికీ మిగిలివున్నది. తొమ్మిది వాహికల పొడవులు, గొట్టాల కొలతలు, వాటికి దొంగచాటుగా కన్నాలు వేసేవారి ఆగడాలు అన్నీ లెక్కగా చెప్పాడు. పిరమిడ్లు వ్యర్థమనీ, తమ కట్టడాలు ప్రయోజనకరమైనవనీ గర్వపడ్డాడు. అదే గ్రంథంలో మరొక లెక్క వున్నది: వీటిని కాపాడే బానిసలు 700 మంది. రాజ్యానికి చెందినవారు 240, చక్రవర్తి సొంతవారు 460. సామాన్యులు వీధి తొట్లదగ్గర నీరు ముంచుకునేవారు. ఇంటికి గొట్టం వేయించుకునే హక్కు చక్రవర్తి అనుగ్రహంవల్ల లభించేది. కట్టడం ప్రయోజనకరమైనదే. ఆ ప్రయోజనాన్ని పంచడంలో వర్గం వున్నది.

ఇక యీ విద్య ఎవరి చేతిలో వుండేది? అల్జీరియాలోని లాంబేసిస్‌లో దొరికిన ఒక శిలాశాసనం సమాధానం చెబుతున్నది. క్రీ.శ. రెండవ శతాబ్దం మధ్యలో సాల్డే నగరానికి నీరు తెచ్చేందుకు కొండలో సొరంగం తవ్వారు. రెండు వైపులనుండీ తవ్వుకుంటూ వచ్చిన కూలి దళాలు దారితప్పి ఒకదానినొకటి కలుసుకోలేకపోయాయి. తవ్విన పొడవు కొండ వెడల్పునే మించిపోయింది! అప్పుడు రాష్ట్రాధికారి, మూడవ ఆగస్టా దళంలో మట్టపు కొలతలు తీసే నోనియస్ డాటస్‌ను పంపవలసిందని సేనానికి వ్రాశాడు. దారిలో దొంగలు కొట్టి, బట్టలు సైతం ఊడబీకినా అతడు చేరుకుని, నావికదళం వారికీ సహాయక సైనికులకూ పోటీ పెట్టి సొరంగం పూర్తిచేయించాడు. ఆ మనిషి పనితనానికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. అయితే ఒక నగరానికి మంచినీళ్లు కావాలంటే దండును అడగవలసి వచ్చిందన్నది గమనించాలి. కొలిచే విద్య జనం సొత్తు కాలేదు. దానిని జీతమిచ్చి పోషించినది సామ్రాజ్యపు సాయుధ అంగం.

ఇప్పుడు యంత్రాల ప్రశ్నకు వస్తాను. 1965లో ఫిన్లే అనే చరిత్రకారుడు ప్రాచీన ప్రపంచపు సాంకేతిక స్తబ్ధతను గురించి ప్రసిద్ధమైన వ్యాసం వ్రాశాడు. ఆ తరువాత దొరికిన సాక్ష్యం ఆ చిత్రాన్ని చాలావరకు మార్చివేసింది. ఫ్రాన్సులో ఆర్ల్ నగరం దగ్గర బార్బెగాల్ అనేచోట కొండవాలున రెండు వరుసలుగా, వరుసకు 8 చొప్పున, 16 నీటిచక్రాలు పిండి విసిరేవి. 1930లలో తవ్వినప్పుడు ఇది రోమ్ క్షీణదశలో, బానిసలు కరువైనందువల్ల కట్టినదని భావించారు. మన సూత్రానికి అది చక్కగా అతికింది. కాని అది క్రీ.శ. రెండవ శతాబ్దపు కట్టడమని తరువాత తేలింది. చక్రాలకు పేరుకున్న సున్నపు పొరలను పరిశీలించి 2018లో ప్రకటించిన పరిశోధన, ఏటా కొన్ని నెలలు అది ఆగి వుండేదని కూడా చెప్పింది. అనగా బానిస వ్యవస్థ బలంగా వున్న రోజుల్లోనే ఇంతటి యంత్రశాల నడిచింది.

అయితే మరి బానిసకు ఊరట కలిగిందా? అదే శతాబ్దంలో అపులియస్ వ్రాసిన 'బంగారు గాడిద' అనే కథలో ఒక పిండిమర వస్తుంది. అక్కడి మనుషులకు నుదుటిమీద వాతలు, కాళ్లకు సంకెళ్లు, వంటిమీద కొరడా చారలు. స్పెయిన్‌లోని రియో టింటో గనుల్లో నీరు తోడే పెద్ద చక్రాలు జతలు జతలుగా దొరికాయి. మనవాళ్లు ఏతం తొక్కినట్లు మనుషులు వాటిని తొక్కి తిప్పవలసిందే. ఆ చక్రం పనివాని శ్రమను తగ్గించలేదు. నీటిమట్టానికి దిగువన, అంతకుముందు చేరరాని లోతులో వాడిని పనిచేయించడానికి తోడ్పడింది.

ఆగస్టస్ కాలపు గ్రీకు కవి ఆంటిపేటర్, నీటిచక్రం వచ్చింది గనుక పిండి విసిరే ఆడవాళ్లకు ఇక విశ్రాంతి అని సంబరపడ్డాడు. 1867లో వెలువడిన 'పెట్టుబడి'లో మార్క్స్ ఆ కవితను ఉదహరించి, పనిదినాన్ని పొడిగించడానికి యంత్రమే తగిన సాధనమని ఆ అమాయకులకు తెలియదు గదా అని వర్తమానాన్ని ఎత్తిపొడిచాడు. వెస్పాసియన్ చక్రవర్తి సంగతి కూడా ఆలోచించదగినది. బరువైన స్తంభాలను తక్కువ ఖర్చుతో తరలించే ఉపాయం తెచ్చిన వానికి బహుమానమిచ్చాడు. ఉపాయాన్ని మాత్రం వాడలేదు, పేదజనానికి కూడు దొరకాలన్నాడు. దీన్ని దయ అనేవారున్నారు. పనిలేని నగర జనమంటే పాలకులకు వుండే భయం కూడా ఇందులో వున్నదని నా అభిప్రాయం.

కాబట్టి మన సూత్రాన్ని పారవేయనక్కరలేదు, సవరించుకోవాలి. రోమన్ సమాజం యంత్రాన్ని ఎరుగును, వాడింది కూడా. ఎక్కడ, ఎంతవరకు వాడాలో నిర్ణయించే అధికారం మాత్రం చక్రం తిప్పేవాడిది కాదు. మన నాగార్జునకొండ తవ్వకాల్లోనూ రోమన్ బంగారు నాణేలు దొరికాయి. వాటిని చూపి ప్రాచీనాంధ్రుల విదేశీ వాణిజ్య వైభవాన్ని చెబుతాం; చెప్పవలసిందే. ఆ నాణెంమీద చక్రవర్తి ముఖమున్నది. దాని బంగారాన్ని తవ్వినవాడి ముఖం ఏ నాణెంమీదా లేదు. ఆ ముఖాన్ని వెతికే ప్రశ్న విద్యార్థిచేత అడిగించగలిగిననాడు మన చరిత్ర పాఠం చరిత్ర అవుతుంది.