కల్లు మానిననాటి మూర్ఛలు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016లో వేఱు జిల్లాలు కాకపూర్వము పాలమూరు జిల్లాలోనివే. ఆ జిల్లాలో 2015 సెప్టెంబరున జరిగిన సంగతి నొకదానిని గ్రామపెద్దలకు మనవి చేసెదను.

సర్కారు కల్తీకల్లును అరికట్టగా, దానికి అలవడినవారు పలువురు మూర్ఛిల్లిరి. మతి చలించి, లేని రూపములను కాంచిరి. ఇది గాలి సోకుట కాదు. కల్లులో కలిపిన డైజీపాము, అల్ప్రాజోలము మెదడును జోకొట్టును. మెదడు వానికి అలవడిన పిమ్మట మత్తు హఠాత్తుగా తప్పినచో, కళ్లెము తెగిన గుఱ్ఱమువలె చెలరేగును. కావున మూర్ఛయు, భ్రాంతియు నిచట ఒకే కారణమున పుట్టినవి; నరముల వైద్యమును మనసు వైద్యమును వేఱుచేయరాదు. వైద్యులు అట్టి మందునే కొలతప్రకారమిచ్చి, క్రమముగా తగ్గింతురు.

కల్తీకల్లు మాన్పించుట పుణ్యమే. కాని మాన్పించుటకు ముందే వైద్యునికి చూపవలెను. మూర్ఛ వచ్చినవానిని భూతవైద్యునికడకు గాక, తక్షణము ఆసుపత్రికి చేర్చుట పెద్దల ధర్మమని నా విన్నపము.