తెర మీద శత్రువు, కాగితం మీద మనం

 కొంచెం పెద్ద పోస్టే. తీరిక చేసుకుని చదవండి.

పోయిన నెల ఒక ఆదివారం రాత్రి నంద్యాలలో మా హాస్టల్ రూములో లాప్‌టాప్ పెట్టుకుని ‘ఘాజీ’ చూస్తిమి. ఒక్క రూములో ఇరవై మందిమి. ఆళ్ళగడ్డ నుంచి రోజూ బస్సులో వచ్చే మా క్లాస్‌మేట్, ముస్లిం పిల్లోడు, సినిమా కోసమని మాతోనే ఉండిపోయినాడు. తెర మీద పాకిస్తాన్ సబ్‌మెరైన్ కనపడగానే మాలో ఒకడు, “రేయ్, మీవోళ్ళు వచ్చినారు చూడు” అనె. అందరం నవ్వితిమి. వాడూ నవ్వినాడు. అరగంట తర్వాత నిద్రొస్తాందని లేచి పోయినాడు. సినిమా సగం కూడా కాలేదు.

ఆ మాట అన్నది మా సుగాలీ తమ్ముడే. నవ్వింది మేమే. అందుకే ఈ పోస్టు.

ఘాజీ కథ నిజంగా జరిగిన సంగతి మీద అల్లింది. 1971 యుద్ధంలో, డిసెంబరు మొదటి వారంలో పీఎన్ఎస్ ఘాజీ విశాఖపట్నం దగ్గర సముద్రంలో మునిగింది. అందులో ఉన్న తొంభై మందికి పైగా నావికులు చనిపోయారు. మన నేవీ ముంచిందని మన మాట. లోపలే ప్రమాదం జరిగిందని పాకిస్తాన్ మాట. 2017లో వచ్చిన సినిమా ఇందులో మన మాట తీసుకుని, మిగతాది కల్పించుకుంది. అది యుద్ధం అయిపోయిన 46 ఏళ్ళకు తీసిన సినిమా. మరి యుద్ధం నడుస్తుండగానే తీసినవి ఎట్లుండేవి అని మేం లైబ్రరీలో, ఫోన్లలో వెతికితిమి.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. మద్రాసులో జనం ఇండ్లు ఖాళీ చేసి పోయారు. మన కర్నూలు జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలోదే. 1943లో బ్రిటిష్ ప్రభుత్వం ఒక నిబంధన పెట్టింది: ప్రతి సినిమా హాలూ ప్రతి ఆటలోనూ ప్రభుత్వం ఒప్పుకున్న చిన్న చిత్రాలు చూపించి తీరాల. యుద్ధం వార్తలు, సైన్యం గొప్పలు, జపాను, జర్మనీల మీద కోపం పుట్టించేవి. దేశంలో గాంధీ, నెహ్రూ జైల్లో ఉంటే, హాల్లో మాత్రం ‘మన యుద్ధం’ నడుస్తాండె.

అదే 1943లో తెలుగులో ‘చెంచు లక్ష్మి’ వచ్చింది. మన ఆళ్ళగడ్డ పక్కనున్న అహోబిలం కథే. అంటే ఆ రోజుల్లో హాలుకు పోయినోళ్ళకు ముందు సర్కారు చూపే శత్రువు, తర్వాత స్వామిని పెండ్లాడే అడవి పిల్ల. మనం తెర మీద ఉన్నాం, కానీ మన మాట మనం చెప్పుకోలేదు. అప్పటికే 1882 నాటి మద్రాసు అడవుల చట్టం కింద నల్లమలలో చెంచులకు తమ అడవిలోనే సవాలక్ష ఆంక్షలు.

బయటి దేశాల సంగతి ఇంకా ఘోరం. అమెరికా సైన్యం కోసం ఫ్రాంక్ కాప్రా ‘నో యువర్ ఎనిమీ: జపాన్’ అని ఒక చిత్రం తీశాడు. జపానోళ్ళంతా ఒకరికొకరు తేడా లేనివాళ్ళన్నట్టు చూపిస్తుంది. అది 1945 ఆగస్టు 9న విడుదలైంది. అదే రోజు నాగసాకి మీద అణుబాంబు పడింది. యుద్ధం ముగిసింది, చిత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. నాజీ జర్మనీ 1940లో యూదుల మీద ‘యూద్ స్యూస్’ తీసింది. ఈ రోజుకీ జర్మనీలో దాన్ని మామూలుగా హాల్లో వేయనియ్యరు. ముందు ఎవరైనా వివరించి చెప్పాల, తర్వాతే చూపాల.

ఇప్పటోళ్ళు వీటిని చూసి, “అప్పటి జనానికి అంత బుద్ధి లేదా” అంటారు. మేమూ అట్లే అనుకుంటిమి. తర్వాత మా రూమ్మేట్ చెప్పిన మాటతో నోరు మూతబడింది.

వాడిది ఎరుకల కుటుంబం. వాళ్ళ జేజినాయన చిన్నప్పుడు విన్న సంగతి ఇది: ఊరు దాటాలంటే చీటీ కావాల, రాత్రి పోలీసుల ముందు హాజరు పలకాల. 1871లో బ్రిటిషోళ్ళు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 నుంచి అది మద్రాసు రాష్ట్రంలోనూ వచ్చింది. ఎరుకలవాళ్ళ వేలిముద్రలు తీసుకున్నారు, బాపట్ల దగ్గర స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. దొంగతనం చేశాడా లేదా అని కాదు, ఏ ఇంట్లో పుట్టాడు అన్నదే లెక్క. మద్రాసులో 1947లో, దేశమంతా 1952లో ఆ చట్టం పోయింది. ఆ పేరు మాత్రం ఇంకా పోలేదని మీకందరికీ తెలుసు.

చూడండి, జపాను చిత్రంలో ఉన్నదీ, ఈ చట్టంలో ఉన్నదీ ఒకటే పని. పుట్టుకను బట్టి ఒక జాతి మొత్తానికి ఒకే మొహం తగిలించడం. సినిమాలో అది శత్రువు మొహం, చట్టంలో అది మన మొహం.

అన్ని సినిమాలూ అట్లే చేయలేదు. 1974లో కృష్ణ గారి ‘అల్లూరి సీతారామరాజు’లో జగ్గయ్య గారు రూథర్‌ఫర్డ్ వేషం వేశారు. దొర శత్రువే, కానీ మనిషి. సీతారామరాజును మెచ్చుకోగలడు, అయినా తన పని తాను చేస్తాడు. అందుకే ఇన్నేళ్ళయినా ఆ పాత్ర గుర్తుంది. ఆ పోరాటంలో సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొరను బ్రిటిషోళ్ళు అండమాన్‌కు పంపారు. అదే మల్లుదొర 1952లో తొలి లోక్‌సభకు ఎన్నికైనాడు. నిన్నటి ఫైల్లో ద్రోహి, రేపటి సభలో సభ్యుడు. ఇది సినిమాకు చాలే కథ, కానీ చెప్పినోళ్ళు తక్కువ.

మన పక్కనే కోయిలకుంట్ల ఉంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న అక్కడే ఉరి తీశారు. తలను 1877 దాకా కోటకు వేలాడదీశారు. 2019లో ‘సైరా’ వస్తే మన నంద్యాల, ఆళ్ళగడ్డల్లో హాళ్ళు కిక్కిరిసిపోయె. మేమూ ఈలలు వేస్తిమి. తెల్లదొరలను అందులో ఉత్త రాక్షసుల్లా చూపారు. ఆ తిరుగుబాటు కేసులో 112 మందికి శిక్ష పడింది. వాళ్ళల్లో మనోళ్ళెందరు, వాళ్ళ పేర్లేంటి? దొర మీద కోపం తెచ్చుకున్నంత సులువుగా మేం ఈ ప్రశ్న అడగలేదు.

సోమవారం కాలేజీ క్యాంటీన్లో మా ఆళ్ళగడ్డ దోస్తుకు సారీ చెప్తిమి. ఆ తమ్ముడే ముందు చెప్పినాడు. వాడు టీ తాగుతా, “పర్లేదులే బ్రో, మాకలవాటే” అనె. ఆ “అలవాటే” అన్న మాట మనకు కొత్తది కాదు. బస్సులో బ్యాగు పోతే ముందు మన మొహం చూసినప్పుడు, ఇంట్లో మన అమ్మానాయనలు అనేది అదే మాట.

ఒకటే మనవి. యుద్ధం సినిమాలు చూడండి, ఈలలు వేయండి, మన సైనికులకు దండం పెట్టండి. తెర మీది శత్రువును పక్కన కూర్చున్నోడికి మాత్రం అంటగట్టొద్దు. అలాగే ఈ పండక్కు ఇంటికి పోయినప్పుడు అవ్వాతాతలను అడగండి: చీటీ, హాజరు, సెటిల్‌మెంటు, ఫారెస్టోళ్ళు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాయండి. మేం వచ్చే నెల మా రూమ్మేట్ జేజినాయన చెప్పినది పూర్తిగా రాస్తాం.